పాత డీజిల్ జీపు ఘాట్ రోడ్డులో ఉన్నట్టుండి ఆగిపోతే ఏం చేయాలి

మహీంద్రా వారి కమాండర్, మార్షల్, మేజర్, ఎంఎం 540, పాత డీఐ బొలెరో. వీటిలో ఏదో ఒకటి మీ ఇంటి ముందు ఉంటే ఇది మీకోసమే. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే మరీను. ఈ ఇంజిన్లకు కంప్యూటర్ లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు. గాలి, డీజిల్, కంప్రెషన్ అందితే తిరుగుతాయి, వాటిలో ఒకటి తప్పితే ఆగిపోతాయి. అందుకే మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో ఆగినా, పాడేరు ఎక్కుతుంటే ఆగినా, నాలుగు పానాలూ ఓ రెండు గజాల వైరూ ఉంటే చాలాసార్లు అక్కడికక్కడే లేపుకోవచ్చు. వెనక సీఆర్‌డీఈ అని రాసి ఉన్న, కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ డీజిల్ బండ్లకు మాత్రం ఇందులో సగం పనికిరాదు. వాటి డీజిల్ పైపుల్లో ప్రెషర్ చాలా ఎక్కువ, రోడ్డు పక్కన విప్పే పని పెట్టుకోకండి.

బండి ఇంకా కదులుతుండగానే

ఇంజిన్ ఆగిన క్షణంలో రెండు మారిపోతాయి. పవర్ స్టీరింగ్ ఉంటే రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే వస్తుంది. కాబట్టి బ్రేకును కొట్టి కొట్టి వదలకండి. ఒకసారి తొక్కి, అలాగే పట్టి ఉంచండి. వాక్యూమ్ అయిపోయాక కూడా బ్రేకులు పని చేస్తాయి, కాకపోతే బలమంతా పెట్టి తొక్కాలి. ఇది తెలియక "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని కంగారుపడి స్టీరింగ్ కోసేసేవాళ్లున్నారు. బూస్టరే లేని మరీ పాత జీపు నడిపేవాళ్లకు ఈ టెన్షన్ లేదు, వాళ్ల కాలికి అలవాటే.

తాళం ఆఫ్ చేసి లాగకండి. స్టీరింగ్ లాక్ ఉన్న బండి అయితే చక్రం అక్కడే పట్టేస్తుంది. తాళం ఆన్‌లోనే ఉంచి, ఇండికేటర్ వేసి, వేగం ఉండగానే ఎడమ పక్కకు తీయండి.

దిగుడులో ఉంటే గేరులోనే ఉంచండి. ఇంజిన్ పని చేయకపోయినా దాని కంప్రెషన్ చక్రాలను పట్టి ఉంచుతుంది. "ఎలాగూ ఆగింది కదా, న్యూట్రల్‌లో కిందదాకా దింపేద్దాం" అనే ఆలోచన మాత్రం రానివ్వకండి. బూస్టర్ లేని బ్రేకులతో, బిగుసుకున్న స్టీరింగుతో హెయిర్‌పిన్ వంపులు తిప్పడం ఎవరి వల్లా కాదు. గేరులో ఉండగా వెనక చక్రాలు పట్టేసి బండి జారుతోందంటే లోపల ఇంజిన్ జామ్ అయిందన్నమాట. అప్పుడు వెంటనే క్లచ్ తొక్కాలి.

ఎక్కుడులో ఆగితే ముందు కాలి బ్రేకు, తర్వాత హ్యాండ్ బ్రేకు, ఆ తర్వాతే మిగతావి.

నిలబెట్టడం

మన ఘాట్లలో ఎడమ పక్క ఒక్కోసారి కొండ, ఒక్కోసారి లోయ. లోయ వైపయితే వానాకాలంలో తారు అంచు దాటకండి, మట్టి మెత్తబడి ఉంటుంది. కొంచెం రోడ్డు మీదికి ఉన్నా ఫర్వాలేదు.

హ్యాండ్ బ్రేకు లాగి, ఎక్కుడు వైపు ముఖం ఉంటే ఫస్ట్ గేరు, దిగుడు వైపు ఉంటే రివర్స్ వేయండి. ఫోర్ వీల్ బండి అయితే గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివర్‌ని ఫోర్ లో (4L, నాలుగు చక్రాలకీ బాగా తక్కువ గేరు) లోకి నెట్టండి. ఆ నిష్పత్తిలో ఇంజిన్ కంప్రెషన్ బండిని గట్టిగా పట్టుకుంటుంది. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుతో కలిపే, విడదీసే బిళ్లలు) ఉన్న బండి అయితే దిగి వాటిని లాక్ చేస్తేనే ముందు చక్రాలకు కూడా ఆ పట్టు అందుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చిన్న లివర్ పొరపాటున న్యూట్రల్‌లో ఉంటే పెద్ద లివర్‌లో ఏ గేరు వేసినా బండికీ ఇంజిన్‌కీ సంబంధం ఉండదు. గేరులో ఉంది కదా అని దిగి బానెట్ ఎత్తుతారు, బండి మెల్లగా కదులుతుంది. అందుకే చక్రానికి రాయి పెట్టాకే బానెట్ ముట్టుకోవాలి. రాయి గుండ్రంగా కాకుండా పలకగా ఉన్నది చూసుకోండి.

హజార్డ్ లైట్లు వేసి, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్‌ని వెనక 50 మీటర్ల దూరంలో పెట్టండి. వంపు తిరిగిన వెంటనే మీ బండి ఉంటే ట్రయాంగిల్ వంపుకి అవతల ఉండాలి, లేకపోతే లారీ డ్రైవర్‌కి అది, మీరు ఒకేసారి కనపడతారు. ట్రయాంగిల్ లేకపోతే పచ్చి కొమ్మలు విరిచి రోడ్డు మీద వేయండి, మన డ్రైవర్లందరికీ ఆ గుర్తు తెలుసు. పిల్లల్నీ పెద్దవాళ్లనూ దింపి బండికి వెనకో ముందో కాకుండా రోడ్డుకి ఎగువన, పక్కగా కూర్చోబెట్టండి. ఫోన్ సిగ్నల్ ఉంటే అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీద అయితే 1033. ఏజెన్సీ ఘాట్లలో సిగ్నల్ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కి చెబితే ముందున్న ఊళ్లో కబురు అందుతుంది.

సెల్ఫ్ కొట్టకముందు: ఎలా ఆగింది?

రోడ్డు మీద బండి ఆగితే చుట్టూ చేరే పదిమందిలో తొమ్మిదిమంది "ఇంకోసారి సెల్ఫ్ కొట్టండి సార్" అంటారు. వాళ్ల మాట వినకండి. చిన్న రిపేరుతో పోయేది ఆ ఒక్క సెల్ఫుతో ఇంజిన్ విప్పే పని కావచ్చు. ఒక నిమిషం ఆగి, బండి ఆగడానికి ముందు అర నిమిషం ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. శబ్దం ఏమైనా వచ్చిందా? పికప్ పడిపోతూ ఆగిందా, ఒక్కసారిగా ఆగిందా? వేడి ముల్లు ఎక్కడుంది? బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలిగాయా? పొగ ఏ రంగులో వచ్చింది? వాగు దాటారా? నా ఉద్దేశంలో రోడ్డు పక్కన చేసే రిపేరులో సగం పని ఇదే.

లోపల టంగుమని ఇనుము మోగి ఆగిందా, లేదా ఆయిల్ లైటు వెలిగి, గరగరమంటూ బరువెక్కి ఆగిందా? అయితే సెల్ఫ్ జోలికి వెళ్లకండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండి, బండి కింద ఆయిల్ మడుగు ఉందేమో చూడండి. గేరు న్యూట్రల్ చేసి, ముందున్న క్రాంక్ పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి చేత్తో తిప్పి చూడండి. బరువుగానైనా తిరిగితే ఆశ ఉంది. కదలకపోతే, లేదా సగం తిరిగి దేనికో కొట్టుకుని ఆగితే, బండి టోయింగే. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయి, ఆగాక సెల్ఫ్ కొడితే మామూలు కంటే తేలిగ్గా, వేగంగా తిరుగుతున్నట్టు అనిపిస్తే బెల్టు తెగిందేమో అనుమానించి అక్కడితో ఆపేయండి.

వాగులో ఆగితే

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే ఇంజిన్ పోతుంది. నీళ్లలో ఉండగా ఆగిందంటే ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉండవచ్చు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సెల్ఫ్ కొడితే, లేదా తోయించి గేరులో లేపబోతే, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

నీళ్లలోంచి బండిని న్యూట్రల్‌లో తోసో లాగించో బయటికి తెచ్చుకోండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పండి. లోపలి కాగితం పొడిగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఆయిల్ పోసే పాతరకం ఫిల్టర్ అయితే అడుగు గిన్నెలో ఆయిల్ కింద నీళ్లు చేరాయేమో చూడండి. తడి కనిపిస్తే గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్ కోసం సిలిండర్‌ని వేడిచేసేవి) ఉన్న ఇంజిన్‌కి అవి, లేకపోతే నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పాకే ఇంజిన్‌ని చేత్తో తిప్పాలి. లోపలి నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బయటికి చిమ్ముతాయి. నాజిల్ విప్పడం మీకు చేతకాకపోతే మెకానిక్ వచ్చేదాకా ఆగండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయవద్దు.

టక్కున ఆగిందా?

ఏ శబ్దమూ లేదు, కుదుపూ లేదు, వేడి ముల్లు మామూలుగా ఉంది, నడుస్తూ నడుస్తూ ఎవరో తాళం ఆఫ్ చేసినట్టు ఆగింది. ఇలా ఆగితే నేను మొదట చూసేది నాజిల్స్‌కి డీజిల్ కొట్టే పెద్ద పంపు దగ్గరి సోలినాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు. తాళం ఆన్ చేస్తే దానికి 12 వోల్టుల కరెంటు వెళ్లి డీజిల్ దారి తెరుస్తుంది. కరెంటు పోతే దారి మూసుకుంటుంది. అంటే బొటనవేలంత ఇత్తడి ముక్కకి వెళ్లే ఒక్క వైరు ఊడితే రెండున్నర లీటర్ల ఇంజిన్ ఆగిపోతుంది. పాత బండ్లలో ఆ వైరు ఎండకి ఎండి, నూనెకి నాని, కంపనానికి లూజవుతూనే ఉంటుంది.

పరీక్ష తేలిక. ఒకరు తాళం ఆన్, ఆఫ్ చేస్తుంటే మీరు పంపు మీద వేళ్లు ఆనించండి. ఆన్ చేసిన ప్రతిసారీ "టిక్" అని వేళ్లకి తగలాలి. తగలకపోతే ఫ్యూజు చూడండి, సోలినాయిడ్ మీది వైరు చివర లాగి చూడండి, పచ్చటి తుప్పు పట్టి ఉంటే గీకి మళ్లీ తొడగండి. అప్పటికీ టిక్ రాకపోతే బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు నేరుగా సోలినాయిడ్ టెర్మినల్‌కి ఇవ్వండి. మధ్యలో ఫ్యూజు ఉంటే మంచిది. వైరుని సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కి, ఫ్యాన్‌కి దూరంగా కట్టండి. టిక్ వినపడి, సెల్ఫ్ కొట్టగానే లేస్తే మీ సమస్య దొరికింది. ఒకటి గుర్తుంచుకోండి: ఇప్పుడు తాళం తీసినా ఇంజిన్ ఆగదు. ఆపాలంటే ఆ వైరు పీకాలి.

కొన్ని బండ్లలో సోలినాయిడ్ పంపు బయట ఉండి ఒక చిన్న లివర్‌ని లాగుతుంది. ఆ లివర్ ఆపే వైపు ఇరుక్కుపోయిందేమో చూసి చేత్తో నడిచే వైపు నెట్టండి. ఇంకా పాతవాటిలో ఆపడానికి లాగే నాబ్, కేబుల్ ఉంటాయి. కాలు తగిలో, సామాను తగిలో నాబ్ సగం బయటికి వచ్చి ఉండవచ్చు. నవ్వుకోకండి, ముందు సీట్లో నలుగురు కూర్చునే జీపుల్లో ఇది మామూలే.

దగ్గుతూ, పికప్ పడిపోతూ ఆగిందా?

ఘాట్లలో ఎక్కువగా జరిగేది ఇదే. ఎక్కుతుంటే లాగడం తగ్గుతుంది, యాక్సిలరేటర్ తొక్కినా ఎక్కదు, మిస్సింగ్ వస్తుంది, నాలుగు ఊపులు ఊపి ఆగుతుంది. డీజిల్ సరిగా అందడం లేదు, లేదా డీజిల్‌తో పాటు గాలి వస్తోంది.

ముందు ట్యాంకులో డీజిల్ ఉందా? గేజ్ ముల్లుని నమ్మకండి. పాత బండిలో అది పావు మీద ఆగిపోయి ఉంటుంది. పైగా నిటారు ఎక్కుడులో, ట్యాంకులో అడుగున ఉన్న డీజిల్ ఒక మూలకి పోయి పైపుకి అందకపోవచ్చు. మూత తీసి పుల్ల పెట్టి చూడండి.

మూత తీస్తున్నప్పుడు "ఉష్" మని గాలి లోపలికి పీల్చుకుందంటే ట్యాంకు గాలి రంధ్రం పూడిపోయింది. మూత కాస్త వదులుగా పెట్టుకుని వెళ్లిపోవచ్చు. కాసేపు నడవడం, ఆగడం, పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ తనంత తనే స్టార్ట్ కావడం, ఈ వరస కనిపిస్తే అనుమానించాల్సినవి రెండే: ఈ గాలి రంధ్రం, ట్యాంకు లోపలి పైపు చివరనున్న జల్లెడ. పాత ట్యాంకులో తేలే పాలిథిన్ ముక్క ఒకటి చాలు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ జల్లెడకి అతుక్కుంటుంది, ఆగితే ఊడి తేలిపోతుంది. ఇలాంటి బండికి పంపు మార్చి, నాజిల్స్ మార్చి, వేలు ఖర్చు పెట్టినవాళ్లు ఉన్నారు. ట్యాంకులోకి చెయ్యి పెట్టినవాళ్లు మాత్రం తక్కువ.

తర్వాత డీజిల్ ఫిల్టర్. అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే దాన్ని వదులు చేసి ఒక తెల్ల నీళ్ల సీసాలోకి పట్టండి. రెండు నిమిషాలు కదపకుండా పెడితే నీళ్లుంటే అడుగుకి దిగి గీత కనపడుతుంది. నీళ్లు ఎక్కువగా వస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలేయండి. ఫిల్టర్ మసకగా, జిగటగా ఉంటే మార్చాల్సిందే. బండిలో ఒక కొత్త ఫిల్టర్ ఎప్పుడూ ఉండాలి, స్టెప్నీ ఉన్నట్టే.

ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు పైపుల మీద వేళ్లు జరిపి చూడండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పంపుకి ముందున్న పైపులో పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి లేదు కదా అని వదలకండి. పగిలిన చోట కోసి మళ్లీ తొడిగి క్లిప్పు బిగించండి.

ఎయిర్ తీయడం

డీజిల్ అయిపోయినా, ఫిల్టర్ మార్చినా, పైపు విప్పినా లోపల గాలి చేరుతుంది. ఎయిర్ తీయకపోతే బ్యాటరీ అయిపోయేదాకా సెల్ఫ్ కొట్టినా లేవదు.

ఫిల్టర్ తల మీద గాలి వదలడానికి ఉన్న బ్లీడ్ స్క్రూని ఒకటిన్నర చుట్టు వదులు చేయండి. ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) దగ్గరో ఫిల్టర్ దగ్గరో ఉన్న హ్యాండ్ పంపుని కొడుతూ ఉండండి. మొదట స్క్రూ అంచున తెల్లటి నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత బుడగ లేని పసుపు డీజిల్ సన్నగా కారుతుంది. ఒక్క బుడగ కూడా లేకుండా కారుతున్నప్పుడే, పంపు కొడుతూనే, స్క్రూ బిగించాలి. కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి పీలుస్తుంది. హ్యాండ్ పంపు లివర్ ఎంత కొట్టినా వదులుగా, బరువు లేకుండా ఉంటే లోపలి క్యామ్ దాన్ని నొక్కి పట్టి ఉండవచ్చు. క్రాంక్‌ని పానాతో కాస్త తిప్పి మళ్లీ ప్రయత్నించండి, బరువు తగులుతుంది.

తర్వాత పెద్ద పంపు దగ్గర. దాని బ్లీడ్ స్క్రూని గానీ, డీజిల్ లోపలికి వెళ్లే పైపు బోల్టుని గానీ వదులు చేసి ఇదే పని చేయండి. ఇంత చేశాక చాలా బండ్లు లేస్తాయి. లేవకపోతే నాజిల్స్ దగ్గర పైపు నట్లని, సాధారణంగా 17 నంబరు పానా పడుతుంది, అర చుట్టు వదులు చేసి ఒకరితో సెల్ఫ్ కొట్టించండి. ఒక్కో దాని దగ్గర డీజిల్ చిమ్మడం మొదలవగానే దాన్ని బిగిస్తూ పోండి. రెండు బిగిసేసరికి ఇంజిన్ దగ్గుతూ అందుకుంటుంది.

ఆ సమయంలో చేతులూ ముఖమూ దూరంగా ఉంచండి. నాజిల్ పైపులోంచి చిమ్మే డీజిల్‌కి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ప్రెషర్ ఉంటుంది. లీకు ఎక్కడుందో వేలితో వెతకకండి, అట్ట ముక్క పెట్టి చూడండి. పొరపాటున చర్మంలోకి గుచ్చుకుంటే చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, నొప్పి కూడా ఉండకపోవచ్చు. అయినా ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి. వేడి మ్యానిఫోల్డ్ మీద డీజిల్ పడకుండా గుడ్డ అడ్డం పెట్టండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు.

సెల్ఫ్ ఒకేసారి 10, 15 సెకన్లకి మించి కొట్టకండి. మధ్యలో కనీసం అర నిమిషం వదిలేయండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలి ఇంకో సమస్య తోడవుతుంది.

హ్యాండ్ పంపు ఎంత కొట్టినా డీజిల్ రాకపోతే, శుభ్రమైన డబ్బాలో రెండు లీటర్ల డీజిల్ పోసి, దాన్ని పంపు కంటే ఎత్తులో కదలకుండా కట్టి, ఒక పైపుతో నేరుగా ఫీడ్ పంపుకి ఇవ్వండి. లేస్తే తప్పు ట్యాంకులోనో వెనక పైపులోనో ఉందని తేలిపోయింది. పక్క ఊరి దాకా అలాగే నెమ్మదిగా వెళ్లవచ్చు కూడా.

వేడెక్కి ఆగితే

ముందు ఫ్యాన్ బెల్టు చూడండి. చాలా పాత ఇంజిన్లలో ఒకే బెల్టు వాటర్ పంపునీ డైనమోనీ తిప్పుతుంది. ఆ డైనమో వెనకే బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చే చిన్న పంపు ఉంటుంది. అంటే బెల్టు తెగితే బ్యాటరీ లైటు వెలగడం, ముల్లు పైకి పోవడం, బ్రేకు గట్టిపడటం, మూడూ కలిసి వస్తాయి. డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగితే "ఛార్జింగే కదా, ఊరెళ్లాక చూద్దాం" అని నడిపేవాళ్లు హెడ్డు గాస్కెట్ కొనుక్కుంటారు. స్పేర్ బెల్టు బండిలో ఉంచుకోండి.

రేడియేటర్ మూత వేడి మీద తీయవద్దు. బానెట్ ఎత్తి కనీసం అరగంట, ముప్పావుగంట ఆరనివ్వండి. పై పైపుని నొక్కితే మెత్తగా ఉన్నప్పుడు, మూత మీద తడి గుడ్డ కప్పి, మొదటి మెట్టు దాకానే తిప్పి ఆవిరి వదిలాక తీయండి. ఎండిపోయిన వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు ఒక్కసారి గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. బాగా ఆరాక కొద్దికొద్దిగా పోయండి. స్టార్ట్ చేశాక రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నా, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తున్నా గాస్కెట్ పోయినట్టే, ఇంజిన్ ఆపేయండి.

ఏదీ కుదరకపోతే

బండి రోడ్డు మధ్యలోనో రైలు పట్టాల మీదో ఉండిపోయి, ఇంజిన్ లోపల జామ్ కాకపోతే, ఫోర్ లో, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ వదిలి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ మోటారే బండిని అడుగు అడుగుగా కదుపుతుంది. మోటారుకి మంచిది కాదు, కానీ ప్రాణం కంటే మోటారు ఎక్కువ కాదు. రైలు వస్తున్న సూచన ఉంటే ఇది కూడా వద్దు, దిగి పరుగెత్తండి.

బ్యాటరీయే తక్కువై, మిగతా అన్నీ బాగుంటే తోయించి లేపవచ్చు. తాళం ఆన్, చిన్న లివర్ టూ హెచ్ (2H, మామూలు రెండు చక్రాల డ్రైవ్), సెకండ్ లేదా థర్డ్ గేరు. దిగుడులో చేస్తుంటే బ్రేకు గట్టిగా ఉంటుందని ముందే మనసులో ఉంచుకోండి, కింద చదును లేని చోట ప్రయత్నించకండి.

లాగించాల్సి వస్తే తాడు బంపరుకి కాదు, చాసిస్ కొక్కేనికి కట్టాలి. చిన్న లివర్ టూ హెచ్, గేరు న్యూట్రల్, హబ్బులు ఉంటే ఫ్రీ చేసుకోవాలి, తాళం ఆన్. ఘాట్ దిగుడులో తాడుతో లాగించడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. వెనక బండికి బ్రేకు బూస్టర్ లేదు, ముందు బండి ఆగితే గుద్దుకోవడమే. ఇనుప రాడ్డు టోయింగో, పైకి ఎక్కించుకునే బండో మాట్లాడుకోండి. దూరం ఎక్కువైతే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించేస్తే గేర్‌బాక్సుకి ముప్పు ఉండదు. విప్పేముందు జాయింటు రెండు వైపులా సుద్దతో గీత గీయించండి, మళ్లీ అదే చోట బిగించడానికి. షాఫ్ట్ విప్పితే వెనక చక్రాలకూ గేరుకీ సంబంధం తెగిపోతుంది, కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు కూడా ఆ షాఫ్ట్ మీదే ఉంటుంది. కాబట్టి నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టాకే కింద దూరమని మెకానిక్‌కి చెప్పండి.